ఇంట్లో కారు చూసుకోవడానికి చవక స్కానర్: ఎలా ఎంచుకోవాలి, కొన్నాక ఎలా పరీక్షించాలి

చెక్ ఇంజిన్ లైటు వెలిగిన ప్రతివాళ్లూ దాదాపు ఒకే మాట అడుగుతున్నారు: "ఇంట్లో పెట్టుకోవడానికి చవకలో మంచి స్కానర్ ఏదో చెప్పండి." కారు ఏదో చెప్పరు, ఏ సంవత్సరందో చెప్పరు, పెట్రోలో డీజిలో చెప్పరు, చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనో ఐఫోనో అదీ చెప్పరు. స్కానర్ అంటే కారు సాకెట్‌కి తగిలించి, లైటు వెలగడానికి కారణం చెప్పే కోడ్లు చదివే చిన్న పరికరం. ఆ నాలుగూ తెలియకుండా దాని పేరు చెప్పడం కుదరదు. పక్కింటివాళ్ల కారుకి బ్రహ్మాండంగా పనిచేసిందే మీ కారు దగ్గర కనెక్ట్ కానని మొండికేయొచ్చు.

విజయవాడ వాళ్లకి, గుంటూరు వాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. రెండు ఊళ్లలోనూ ఆటోనగర్, అంటే బండ్ల రిపేరు షెడ్లుండే పేట, దగ్గర్లోనే ఉంది. పెద్ద మెషీన్ కావాల్సిన పని ఎప్పుడో ఒకసారి పడితే అక్కడ డబ్బిచ్చి చేయించుకోవచ్చు. కాబట్టి ఇంట్లో ఉండాల్సింది అన్నీ చేసే మెషీన్ కాదు. లైటు ఎందుకు వెలిగిందో చెప్పి, ఇంజిన్ రీడింగులు నమ్మకంగా చూపిస్తే చాలు. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కారు ఆర్సీ, లేదా ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్
- చిన్న టార్చి
- ఫోన్
- మల్టీమీటర్ ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు
- కోడ్లు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు

1. ముందు బండి వయసు చూడండి

బీఎస్ అంటే పొగ కాలుష్యానికి మన ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. ఓబీడీ2 అంటే కారు తన లోపాలు తానే కనిపెట్టి స్కానర్‌కి చెప్పే వ్యవస్థ. మన దేశంలో బీఎస్4 కార్లకి ఓబీడీ2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. బీఎస్4 దేశమంతటా అమల్లోకి వచ్చింది మాత్రం 2017 ఏప్రిల్ 1న. అంతకుముందు హైదరాబాద్ లాంటి కొన్ని నగరాల్లో బీఎస్4 కార్లు అమ్ముతుంటే, మిగతాచోట్ల బీఎస్3 కార్లే నడిచాయి. అందుకే 2014 మోడలైనంత మాత్రాన ఓబీడీ2 ఉన్నట్టే అనుకోకండి. ఆర్సీలోనో యాప్‌లోనో బీఎస్ ఎంతో చూడండి.

బీఎస్6 అయితే, అంటే 2020 ఏప్రిల్ తర్వాతి బండి అయితే, టెన్షన్ లేదు. మామూలు స్కానర్లు దాదాపు అన్నీ పలుకుతాయి. 2017 తర్వాతి బీఎస్4 అయినా అంతే. బీఎస్3 అయితే కొనకముందే రెండో మెట్టు జాగ్రత్తగా చేయండి. పాత మారుతీల్లో కొన్నిటికి కంపెనీ సొంత పద్ధతి ఉంటుంది. సాకెట్ ఉన్నా మామూలు స్కానర్‌కి అవి జవాబివ్వవు.

ఎలక్ట్రిక్ కారైతే ఈ వ్యాసం మీ కోసం కాదు. బైకుకైతే సాకెట్ వేరు, దానికి మార్చే కేబుల్ విడిగా కొనాలి.

2. టార్చి వేసి సాకెట్‌లో పిన్నులు చూడండి

ఈ పని ఎవరూ చేయరు. డబ్బు వృథా కాకుండా కాపాడేది ఇదే. సాకెట్ సాధారణంగా స్టీరింగ్ కింద, మీ మోకాళ్ల పైభాగాన, బోనెట్ తీసే లివర్‌కో ఫ్యూజు బాక్సుకో దగ్గర్లో ఉంటుంది. కొన్ని కార్లలో చిన్న మూత ఉంటుంది. పదహారు గదులు, రెండు వరసలు, ఒకవైపు వెడల్పు ఎక్కువ.

వెడల్పు వైపు పైకి వచ్చేలా ఊహించుకుని చూడండి. పై వరసలో ఎడమ నుంచి 1 నుంచి 8, కింది వరసలో 9 నుంచి 16. అన్ని గదుల్లోనూ లోహపు పిన్ను ఉండదు. మీకు కావాల్సింది ఏ గదిలో ఉంది, ఏది ఖాళీ అన్నది.

- 16లో (కింది వరస కుడి చివర) బ్యాటరీ కరెంటు వస్తుంది. 4, 5 ఎర్తు. ఈ మూడూ ఉండాలి.
- 6, దాని సరిగ్గా కింద 14, రెండింటిలోనూ పిన్ను ఉంటే క్యాన్ పద్ధతి, అంటే కారు స్కానర్‌తో మాట్లాడే కొత్త పద్ధతి. చవక స్కానర్ కూడా పనిచేసే అవకాశం బాగా ఎక్కువ.
- 6, 14 ఖాళీగా ఉండి 7లో మాత్రమే పిన్ను ఉంటే పాత కె-లైన్ పద్ధతి. మరీ చవక డాంగిల్స్ (సాకెట్‌లో పెట్టి ఫోన్‌తో కలుపుకునే చిన్న స్కానర్లు) ఇక్కడే చేతులెత్తేస్తాయి. "ఐఎస్ఓ 9141, కేడబ్ల్యూపీ 2000 పనిచేస్తాయి" అని స్పష్టంగా రాసినదే తీసుకోండి.

ఫోన్‌తో సాకెట్ ఫొటో తీసి పెట్టుకోండి. హెచ్చరిక: పిన్నులున్నాయో లేదో చూడటానికి లోపల స్క్రూడ్రైవరూ సేఫ్టీపిన్నూ పెట్టకండి. తాళం తీసేసినా 16లో కరెంటు ఉంటుంది.

3. ఏ పనికి కావాలో తేల్చుకోండి

లైటు కోడ్ చదవడం, క్లియర్ చేయడం, కూలెంట్ వేడి, బ్యాటరీ వోల్టేజీ, ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజిన్ తనంతట తాను ఇంధనం ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే రీడింగు) చూడటం వరకే అయితే ఏ ప్రాథమిక స్కానర్ అయినా సరిపోతుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైటు కోడ్లు చదవాలంటే మీ కారు కంపెనీకి ఆ సౌకర్యం ఉన్న స్కానర్ కావాలి. డబ్బా మీద "అన్ని కార్లకూ" అని ఉంటే అది ఇంజిన్ మాట మాత్రమే. డీజిల్ ఇంజెక్టర్ కోడింగ్, డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసిని పట్టే ఫిల్టర్) బలవంతంగా కాల్పించడం, కొత్త తాళం చేయించడం ఇంట్లో చేసే పనులు కావు. వాటికోసం పదివేలు దాటిన మెషీన్ కొనడం నా దృష్టిలో దండగ.

4. రకం ఎంచుకోండి

ఆన్‌లైన్లో ధర రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి ఈ అంకెలు ఉజ్జాయింపే.

*బ్లూటూత్ డాంగిల్, ఐదొందల నుంచి వెయ్యి లోపు.* ఈఎల్‌ఎం327 అనే పేరుతో అమ్మేవి. ఆ చిప్ తయారుచేసిన కెనడా కంపెనీ 2022లోనే మూతపడింది. ఈ ధరలో దొరికేవన్నీ నకళ్లే. నకలు అనగానే పనికిరాదని కాదు. క్యాన్ ఉన్న కారుకి చాలావరకు నెట్టుకొస్తాయి. కానీ ఒకే పేరు, ఒకే రంగు డబ్బాలో రెండు రకాల సరుకు వస్తుంది. మీద రాసిన వెర్షన్ నంబరు చూసి నమ్మకండి. అసలు కంపెనీ 1.5 అనే వెర్షన్ ఎన్నడూ విడుదల చేయలేదు, అయినా బజారులో ఎక్కువ కనిపించేది అదే.

*మెరుగైన డాంగిల్, రెండు మూడు వేలు.* వీగేట్, వీలింకర్ లాంటివి. ఐఫోన్ ఉన్నవాళ్లకి, కె-లైన్ కారున్నవాళ్లకి, నెలకోసారైనా వాడేవాళ్లకి ఇదే. పెట్రోలు కారుండి ఒక్కటే కొంటామంటే నేను చెప్పేది ఈ తరగతే.

*చేతిలో పట్టుకునే స్కానర్, పదిహేను వందల నుంచి నాలుగు వేలు.* ఏన్సెల్, ఆటెల్, లాంచ్ కంపెనీల చిన్న మోడళ్లు. కేబుల్ పెట్టగానే వెలుగుతుంది. ఫోన్, యాప్, పాస్‌వర్డు గొడవ లేదు. నాన్నగారికో, ఫోన్ సెట్టింగులంటే చిరాకు పడేవాళ్లకో ఇది హాయి. లోటల్లా గ్రాఫులు, కంపెనీ ప్రత్యేక రీడింగులు తక్కువ ఉండటమే.

ఫోన్ విషయంలో చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. పాత రకం బ్లూటూత్ డాంగిల్ ఐఫోన్‌తో పనిచేయదు. ఐఫోన్‌కి బ్లూటూత్ 4.0, అంటే బీఎల్‌ఈ ఉన్నదో, వైఫై ఉన్నదో కావాలి. వైఫై అయితే డాంగిల్‌తో మాట్లాడుతున్నంతసేపు ఫోన్‌లో ఇంటర్నెట్ రాకపోవచ్చు, కంగారు పడకండి.

ఇంకొకటి కూడా అడుగుతున్నారు. ఓబీడీ సాకెట్‌లో పెడితే మైలేజీ పెరుగుతుందంటూ అమ్మే ప్లగ్గులు స్కానర్లు కావు. వాటిలో లైట్లు మిణుకుమనడం తప్ప ఇంకేమీ ఆశించకండి.

5. కొనేటప్పుడు

వాపసు గడువున్న చోటే కొనండి. వస్తువు చేతికొచ్చిన రోజే ఆరో మెట్టు చేయండి, డబ్బా పారేయకండి. "తర్వాత లైటు వెలిగినప్పుడు చూద్దాం" అని డ్యాష్‌బోర్డులో పడేస్తే, అది వెలిగేనాటికి గడువు దాటిపోతుంది. సమీక్షలు చదివేటప్పుడు నక్షత్రాలు వదిలేసి, మీ కారు పేరు రాసినవాళ్ల మాట వెతకండి.

యాప్‌కి ముందే డబ్బు కట్టొద్దు. ఆండ్రాయిడ్‌లో టార్క్, రెండు రకాల ఫోన్లలోనూ కార్ స్కానర్ అనే యాప్ ఉచితంగా మొదలుపెట్టొచ్చు. ఫోర్డ్ కారుంటే ఫోర్‌స్కాన్ చూడండి. కంపెనీ వెళ్లిపోయినా ఫిగో, ఎకోస్పోర్ట్ ఉన్నవాళ్లకి అది పెద్ద దిక్కు.

6. మొదటి పరీక్ష: లైటు వెలగకముందే

పొద్దున, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చేయండి.

అ) తాళం ఆఫ్‌లో ఉండగా డాంగిల్ నెమ్మదిగా పూర్తిగా లోపలికి నొక్కండి. దాని లైటు వెలగాలి. వెలగకపోతే డాంగిల్‌ని తిట్టేముందు ఫ్యూజు చూడండి. కొన్ని కార్లలో సిగరెట్ లైటర్ ఫ్యూజే దీనికీ కరెంటిస్తుంది. చవక ఫోన్ చార్జర్ పెట్టి ఎప్పుడో దాన్ని పేల్చి ఉంటారు.

ఆ) తాళం ఆన్‌కి తిప్పండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. బటన్ స్టార్ట్ అయితే క్లచ్, బ్రేకు తొక్కకుండా మీటరు వెలిగేదాకా బటన్ నొక్కండి. చెక్ ఇంజిన్ లైటు ఇప్పుడు వెలగాలి. వెలగలేదంటే బల్బు పోయి ఉండాలి, లేదా ఎవరో ఆ లైటుని పనిచేయకుండా చేసి ఉండాలి.

ఇ) ఆండ్రాయిడ్ అయితే ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లో జత చేయండి. పిన్ సాధారణంగా 1234 లేదా 0000. ఐఫోన్‌లో బీఎల్‌ఈ డాంగిల్ అయితే సెట్టింగుల్లోకి వెళ్లొద్దు, నేరుగా యాప్‌లోనే ఎంచుకోవాలి. లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో డాంగిల్ కనిపించదు.

ఈ) కనెక్ట్ అయ్యాక స్టార్ట్ చేయకుండానే మూడు రీడింగులు చూడండి.

- కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి దాదాపు ఒకటే ఉండాలి, బయటి వాతావరణానికి దగ్గరగా ఉండాలి. రాత్రంతా ఆగిన బండిలో ఒకటి 31, ఇంకొకటి 70 చూపిస్తే సెన్సార్‌దో స్కానర్‌దో తప్పు.
- మ్యాప్ అనే గాలి ఒత్తిడి రీడింగు మీ కారులో ఉంటే, 100 కిలోపాస్కల్‌కి కాస్త అటూ ఇటూ ఉండాలి. మన కృష్ణా తీరం సముద్ర మట్టానికి పెద్ద ఎత్తేం కాదు కాబట్టి ఈ అంకె ఇక్కడ భలే తేలికైన పరీక్ష.
- వోల్టేజీ 12.4 పైన ఉండాలి. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ దగ్గర కొలిచి పోల్చండి. పావు వోల్టు తేడా పట్టించుకోనక్కర్లేదు.

ఉ) ఇప్పుడు స్టార్ట్ చేయండి. వోల్టేజీ సాధారణంగా 13.5, 14.7 మధ్యకి వెళ్తుంది. స్మార్ట్ హైబ్రిడ్ కార్లలో అది పైకీ కిందికీ ఆడుతుంది, భయపడొద్దు. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ ఐడిల్లో మ్యాప్ 30, 45 మధ్యకి పడిపోవాలి. ఆర్పీఎం మీటరులోని ముల్లుతో కలవాలి. యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కితే అంకె వెంటనే కదలాలి. రెండు మూడు సెకన్లు ఆలస్యంగా గంతులేస్తుంటే ఆ డాంగిల్ కోడ్లు చదవడానికి పనికొస్తుంది గానీ గ్రాఫులకి కాదు. పది నిమిషాల్లో రెండుసార్లు కనెక్షన్ తెగితే వాపసు ఇచ్చేయండి.

పని అయ్యాక తీసేయండి. సాకెట్‌లోనే వదిలేస్తే బండి ఆగి ఉన్నప్పుడూ బ్యాటరీ తాగుతుంది. పైగా పిన్ 1234 ఉన్న డాంగిల్‌కి పార్కింగులో ఎవరైనా కనెక్ట్ కావచ్చు.

7. లైటు వెలిగినప్పుడు: చదవండి, రాసుకోండి, అప్పుడే క్లియర్ చేయకండి

లైటు మిణుకుమంటూ ఉంటే స్కానర్ సంగతి తర్వాత, ముందు బండి పక్కకి ఆపండి. గట్టి మిస్సింగ్ ఉన్నట్టు, అంటే సిలిండర్లో పెట్రోలు సరిగా మండట్లేదు. అలాగే నడిపితే కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది, దాని ధర ముందు మీ స్కానర్ ధర చిల్లర.

నిలకడగా వెలుగుతుంటే కోడ్లన్నీ, పెండింగ్ కోడ్లతో (ఇంకా ఖాయం కానివాటితో) సహా రాసుకోండి. ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేజీ స్క్రీన్‌షాట్ తీయండి. లైటు వెలిగిన క్షణంలో స్పీడెంత, ఇంజిన్ వేడెంత అన్నవి అందులో ఉంటాయి. క్లియర్ కొడితే అదంతా పోతుంది. వారంటీలో ఉన్న కారైతే క్లియర్ జోలికే పోవద్దు, ఉన్నదున్నట్టు సర్వీస్ సెంటర్లో చూపించండి.

కోడ్ అంటే మార్చాల్సిన పార్టు పేరు కాదు. ఎక్కడ వెతకాలో చెబుతుంది, అంతే. పి0171 అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ పడుతోందని. యాప్ కింద "ఆక్సిజన్ సెన్సార్ మార్చండి" అని సలహా రావొచ్చు. కారణం గాలి పైపు క్లిప్పు ఊడటం కూడా కావచ్చు. పి0102, పి0113 లాంటివి ఎయిర్ ఫిల్టర్ మార్చిన మర్నాడే వస్తే సెన్సార్ కొనకండి, బోనెట్ ఎత్తి ఆ ప్లగ్గు సరిగా పెట్టారో లేదో చూడండి. వానాకాలంలో ఎలుకలు కొరికిన వైర్లు కూడా.

మిస్సింగ్ కోడ్‌కి ఇంట్లోనే చేసుకోగల మంచి పరీక్ష ఒకటుంది. పి0301 అంటే ఒకటో సిలిండర్లో మిస్సింగ్. ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ ఉన్న ఇంజిన్ అయితే, ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లారాక, ఒకటో కాయిల్ తీసి రెండోదాని స్థానంలో, రెండోది ఒకటో స్థానంలో పెట్టండి. కోడ్ క్లియర్ చేసి నడపండి. ఈసారి పి0302 వస్తే కాయిల్ పోయినట్టు. మళ్లీ పి0301 వస్తే కాయిల్ బాగానే ఉంది, స్పార్క్ ప్లగ్గో ఇంజెక్టరో చూడాలి. కాయిల్ కనెక్టరు తీసేటప్పుడు వైరు పట్టి లాగకండి, క్లిప్పు నొక్కి తీయండి. మిస్సింగ్ కోడ్‌తో పాటు పి0420 (క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే కోడ్) కూడా ఉంటే మిస్సింగ్ సంగతి ముందు తేల్చండి.

ఒకేసారి సంబంధం లేని కోడ్లు ఏడెనిమిది వస్తే, ముఖ్యంగా యు అక్షరంతో మొదలయ్యేవి (కారులోని కంప్యూటర్ల మధ్య మాట తెగిందని చెప్పేవి), ముందు బ్యాటరీ, దాని టెర్మినళ్లు చూడండి.

సీఎన్జీ కిట్ బయట వేయించుకున్నవాళ్లు ఇంకో పని చేయాలి. మన దగ్గర ఈ ఫిర్యాదులు ఎక్కువ. లైవ్ డేటాలో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ముందు పెట్రోలు మీద పది పదిహేను నిమిషాలు నడిపాక చూడండి, తర్వాత గ్యాసు మీద అంతే నడిపి చూడండి. మామూలుగా సున్నాకి పది శాతం లోపల ఇటో అటో ఉంటుంది. పెట్రోలు మీద బాగుండి గ్యాసు మీద +20 దాకా పోతుంటే తప్పు కిట్ ట్యూనింగ్‌దో, గ్యాస్ ఫిల్టర్‌దో. కిట్ వేసినవాళ్ల దగ్గరికే వెళ్లి ఈ రెండు స్క్రీన్‌షాట్లు చూపించండి. అప్పుడు "పెట్రోలు ఇంజెక్టర్లు క్లీన్ చేయించండి సార్" అని పంపించేయడం కుదరదు.

8. రిపేరు నిజంగా అయిందో లేదో చూడటం

క్లియర్ కొట్టగానే లైటు ఆరుతుంది. దాన్ని చూసి రిపేరు అయిపోయిందనుకోవడమే అందరూ చేసే పొరపాటు. క్లియర్ చేస్తే కారు తన లోపలి పరీక్షలన్నీ మళ్లీ మొదటినుంచి చేసుకోవాలి. స్కానర్‌లో వాటిని రెడీనెస్ మానిటర్లు అంటారు. అవి "పూర్తి" అని చూపించాక, పెండింగ్‌లో ఏ కోడూ లేకపోతే అప్పుడు నమ్మండి.

దానికి బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో గంటసేపు ఆగి ఆగి తిరిగితే లాభం లేదు. పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి, వారధి దాటి, మంగళగిరి మీదుగా కాజ టోల్‌గేటు వైపు ఒకే వేగంతో నడిపి రండి. గుంటూరు వాళ్లు అటునుంచి ఇటు. ఒకే రోజులో అన్నీ పూర్తి కాకపోవచ్చు, మూడు నాలుగు రోజులు మామూలుగా వాడండి. ట్యాంకు నిండుగానో అడుగంటో ఉంటే కొన్ని పరీక్షలు మొదలే కావు, సగం చుట్టూ ఉంచండి. నడుపుతూ ఫోన్ చూడకండి. యాప్‌లో రికార్డు పెట్టి వదిలేసి, ఇంటికొచ్చాక చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు చూడటానికి వెళ్తుంటే

స్కానర్ జేబులో పెట్టుకెళ్లండి. దాని ఖరీదు ఆ ఒక్క పూటలో తిరిగొస్తుంది. కోడ్లు ఏమీ లేవని రాగానే సంతోషపడకండి. "కోడ్లు క్లియర్ చేశాక తిరిగిన దూరం" అనే రీడింగు చూడండి. అది నాలుగు కిలోమీటర్లు అని చూపించి, మానిటర్లు చాలావరకు "పూర్తి కాలేదు" అని ఉంటే, మీరొస్తున్నారని తెలిసి పొద్దున్నే ఎవరో తుడిచేశారు. బ్యాటరీ తీసినా ఇవి చెరిగిపోవచ్చు కాబట్టి, ఈమధ్యే బ్యాటరీ మార్చామంటే బిల్లు చూపించమనండి. లేదా రెండ్రోజులు వాడాక మళ్లీ వస్తామనండి.

2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు మునిగిన కార్లు ఎన్నో. అలాంటిది అమ్మకానికొస్తే స్కానర్ ఒక్కటే పట్టుకోలేదు. యు కోడ్లు పదే పదే రావడం ఒక ఆనవాలు. ఓబీడీ సాకెట్ పిన్నుల మీద పచ్చటి తుప్పు ఇంకొకటి. మీరెలాగూ టార్చి వేసి చూస్తున్నారు కదా, సీటు బెల్టు పూర్తిగా లాగి చివర బురద మరక ఉందేమో కూడా చూడండి.

ఆటోనగర్‌కి ఎప్పుడు వెళ్లాలి

ఎయిర్‌బ్యాగ్ లైటు, ఏబీఎస్ లైటు, బీఎస్6 డీజిల్‌లో డీపీఎఫ్ లైటు ఆరకపోవడం, ఇంజెక్టర్ మార్చడం, ఒకే కోడ్ రెండుసార్లు రిపేరు చేశాక కూడా తిరిగి రావడం. ఇవి పడితే వెళ్లండి. డీపీఎఫ్ లైటు ఇప్పుడే వెలిగిందంటే మాత్రం ముందు కారు మాన్యువల్‌లో చెప్పినట్టు హైవే మీద ఇరవై ముప్పై నిమిషాలు ఆపకుండా నడిపి చూడండి, చాలాసార్లు అదే ఆరిపోతుంది.

షెడ్డులోకి అడుగుపెట్టగానే మీ నోటుబుక్కులో కోడ్లు చదివి వినిపించొద్దు, కొందరికి అది నచ్చదు. ముందు ఇబ్బంది చెప్పండి: ఎప్పుడు మిస్సింగ్ కొడుతోంది, చల్లగానా వేడిగానా. స్కానింగ్‌కి ఎంతో, అది రిపేరు బిల్లులో కలుస్తుందో విడిగానో బేరం మొదట్లోనే తేల్చుకోండి. మెషీన్ పెట్టాక "అన్నా, క్లియర్ చేసే ముందు స్క్రీన్ ఒక్క ఫొటో తీసుకోనివ్వు" అనండి. మీ దగ్గరున్న కోడ్లతో అవి కలిస్తే, ఏ పార్టు తప్పో పరీక్షించి తేల్చాకే మార్చమనండి. కలవకపోతే ఎందుకు కలవలేదో అడిగి, పాత పార్టు చేతికిచ్చేలా మాట్లాడుకున్నాకే పని మొదలుపెట్టనివ్వండి.